నా నంబరుకు రెండు గొంతులు

పోయిన ఏడాది సంగతి. సూర్యాపేటలో డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. మాది తుంగతుర్తి పక్కన పల్లె. నేనూ, క్లాస్‌మేట్ మౌనికా కిరాయి గదిలో ఉండేవాళ్లం. నాకేమైందో నాకే తెలియదు. పొద్దున లేవడమే పెద్ద పనయ్యేది. కెమిస్ట్రీ రికార్డు తెరిస్తే ఒక్క లైను రాయడానికి గంట పట్టేది. తల దువ్వుకోవడం, చివరికి కాలేజీకి వెళ్లడం కూడా మానేశాను. హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరని మౌనిక గొంతు మార్చి నా బదులు పలికేది.

మూడు వారాల తర్వాత ఒకరోజు, మౌనిక క్లాసుకు వెళ్లిపోయాక, ఎలాగో స్నానం చేసి నేనూ కాలేజీకి వెళ్లాను. ఆలస్యంగా, వెనక తలుపు నుంచి వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నాను. కెమిస్ట్రీ మేడమ్ నా నంబరు పిలిచారు. "ప్రెజెంట్ మేడమ్" అన్నాను. అదే క్షణంలో ముందు బెంచీ నుంచి మౌనిక కూడా అనేసింది.

క్లాసంతా నవ్వింది. మేడమ్ రిజిస్టరు మూశారు.

"మీ ఇద్దర్ల స్వప్న ఎవరు?"

లేచి నిలబడ్డాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

క్లాసయ్యాక మేడమ్ నన్ను ఆపారు. "ఇన్ని రోజులు యాడున్నవమ్మా?"

"రూముల్నే మేడమ్. పండుకునే ఉంటున్న. నిద్ర గూడ పడుతలేదు."

తిడతారనుకున్నాను.

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు మేడమ్."

"ఇప్పుడు నాకు చెప్పినవ్ గద. రేపు దవాఖానకు పోదాం. రికార్డు సంగతి తర్వాత సూద్దాం."

మందులు వాడుతున్నాను. లేవలేని రోజులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రోజు రెండు గొంతులు కలవకపోతే, రిజిస్టరులో హాజరవుతూనే ఆ గదిలో ఉండిపోయేదాన్నేమో. ఇప్పుడు నా నంబరు పిలిస్తే మౌనిక నోరు మెదపదు. వెనక్కి తిరిగి చూస్తుంది, నేను పలికేదాకా.