తాతను బయటికి పంపమన్నారు

మా ముత్తాత నిజాం కాలంలో బోధన్ దగ్గర ఒక ఊరికి శిస్తు వసూలు చేసే మాలీ పటేల్. మా తాత హన్మంత్‌రెడ్డి చెరకు బండి చక్కెర ఫ్యాక్టరీలో తూకానికి వస్తే ముందున్న బండ్లు పక్కకు జరిగేవి. ఆయన మనవణ్ణి నేను, నలభై దాటాక, నిజామాబాద్ కంఠేశ్వర్‌లో అద్దె గదిలో ఆన్‌లైన్ డిగ్రీ ఆఖరి పరీక్షకు కూర్చున్నాను. డిగ్రీ లేకపోతే విత్తనాల కంపెనీలో నా ఉద్యోగం ఉండదు.

పరీక్ష మొదలుకాగానే ల్యాప్‌టాప్‌లోంచి, కెమెరాలో నన్ను చూస్తున్న పర్యవేక్షకురాలి గొంతు వినిపించింది.

"సార్, మీ వెనక ఒకాయన ఉన్నరు. బయటికి పంపండి."

"అది గోడ మీది ఫొటో. మా తాత. ఎప్పుడో పోయిండ్రు."

"కంప్యూటర్‌కు అది తెల్వదు సార్. రెండో ముఖం కనబడితే పరీక్ష రద్దయితది. తీసేయండి."

తలుపు బయటి నుంచి అమ్మ అంది: "ఊరంతా లేచి నిలబడి దండం పెట్టిన మనిషిని దించుతవా బిడ్డా?"

కుర్చీ ఎక్కి ఫొటో దించి, మంచం కింద బోర్లా పెట్టాను.

"థ్యాంక్యూ సార్. ఇప్పుడు మీరొక్కరే ఉన్నరు," అంది ఆ అమ్మాయి.

పాసయ్యాను, ఉద్యోగం నిలిచింది. బతికుండగా తాతను గదిలోంచి పొమ్మనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ పని నా చేతులతోనే జరిగింది. ఈ డిగ్రీ ఫీజు కోసం ఆయన చెరకు చేనులో మిగిలిన ఆఖరి ఎకరం అమ్మేశాం.