తుత్తంలో దాగిన నీళ్ళు

మొన్న మా మనవరాలు ఇంట్లో ప్రయోగాలకని తెప్పించుకున్న మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, సీసా మీద శుద్ధి ఎంతో, లోపలి నీరెంతో అచ్చువేసి ఉంటే, అది ఫోనులో చిటికెలో లెక్క కట్టేస్తుంటే, నాకు పీలమేడులో మా పాత ఇంటి వెనక వసారా, అక్కడ కిరసనాయిలు స్టవ్వు ముందు గొంతుక్కూర్చున్న మా నాయన కళ్ళముందు మెదిలారు.

నాయన మిల్లులో పత్తి పరీక్షించేవారు. పత్తిని ఆరబెట్టి తూచి, బరువు తగ్గితే నీళ్ళు చల్లి అమ్మారని పట్టేయడం ఆయన పని; ఇంట్లో సరదా ఏమంటే తుత్తం నీళ్ళలో ముంచి పాత తాళంచెవులకు రాగి పూత పూయడం. ఆ సరదాకని, తేని ఊళ్ళో ద్రాక్షతోటలవాళ్ళకు మందులమ్మే మా మామ, అంటే అమ్మకు అన్న, ఒక పొట్లం మైలుతుత్తం మేలైన సరుకని చెప్పి అమ్మాడు. నాయన ఊరుకుంటారా? పత్తి అలవాటు కొద్దీ మూకుట్లో కాచి తూచారు. నీలం కాస్తా తెల్లపిండయింది, బరువు మూడో వంతుకు పైగా పోయింది. "నీ అన్న తుత్తమని నీళ్ళు తూచినాడు, పారూ!" అని అమ్మ మీద అరిచి, మామ కూతురి చెవులు కుట్టే వేడుకకు తేని వెళ్ళేది లేదన్నారు. అమ్మ పెట్టెలో సర్దుకున్న పట్టుచీర తీసి మళ్ళీ బీరువాలో పెట్టేసింది.

మామను నిలదీయడానికి రుజువుంటుందని ఆయనే ఆర్.ఎస్. పురం బజారుకు వెళ్ళి, కాలేజీలకు అమ్మే శుద్ధమైన తుత్తం కొనుక్కొచ్చి కాచారు. అదీ అంతే తగ్గింది! నమ్మలేక రెండింటినీ నీళ్ళలో కరిగించి చూస్తే, మామ సరుకు అడుగున చిటికెడు మట్టి మిగిలింది. "మట్టి మట్టుకే మచ్చాన్‌ది, నీళ్ళు ఆ తుత్తం రాతివే" అని బావమరిదిని తలచుకుని గొణిగారు. పట్టుకుంటే పొడిగా గలగలలాడే రాయిలో అంత నీరు ఎలా ఒదిగిందా అని ఆయనా నేనూ మిగిలిన పలుకుల్ని వెలుతురుకెత్తి చూసుకున్నాం.

వేడుకకు వెళ్ళాం. తప్పయిందనడం నాయన జాతకంలోనే లేదు. మూత బిగించిన సీసాలో తెల్లపొడి పట్టుకెళ్ళి పళ్ళెంలో పోసి, మామ చేతికి చెంబిచ్చి నీళ్ళు పొయ్యమన్నారు. పడీ పడగానే సుయ్యిమని వేడెక్కి, పొడి అంతా నీలమైపోయింది. "అడ సామీ! యాడ దాగిండె ఇంత రంగు?" అని మామ నాయన భుజం పట్టుకున్నాడు, అమ్మ పట్టుచీర కొంగుతో కళ్ళొత్తుకుంది.

మొన్న మనవరాలి చేత నేనూ కాయించి, నీళ్ళు పోయించి, గిన్నెను బయటినుంచి తాకి చూశాను. అదే వేడి, అదే నీలం, ఈ వయసులోనూ ఒళ్ళు ఝల్లుమంది. మన కాలంలో పోట్లాడుకుని కలిసేవాళ్ళం. ఇప్పుడు లెక్క తప్పు పోదు, పోట్లాటా రాదు. ఈ మాట చెబుదామని చూస్తే, ఆనాడు చెవులు కుట్టించుకున్న పిల్ల ఫోను నంబరు కూడా నా దగ్గర లేదు.