పసుపు గీత దాటింది నేనే

నా పేరు పైడమ్మ. డెబ్బై రెండేళ్లు. బూన్ లేలో ఏడో అంతస్తు ఫ్లాట్‌లో నేనూ నా మనవరాలు దివ్యా ఉంటాం. నాకు చదువు రాదు. పక్క ఫ్లాట్ లలిత నేను చెప్పింది చెప్పినట్టు రాస్తోంది. పిస్టల్ వాడడం నేర్పే మా మాస్టారు పోయిన మంగళవారం తెల్లవారుజామున కన్నుమూశారు. ఆయన మీద పడిన ఒక మాట తీసేయాలని ఇది చెబుతున్నాను.

ఆయన నేర్పే షూటింగ్ రేంజ్‌ను పదకొండేళ్లుగా ఊడుస్తున్నాను. ఆయుధంతో కాపలా కాసేవాళ్లు అక్కడికి అభ్యాసానికి వస్తారు. ఆపద మీద పడితే తమనూ పక్కవాళ్లనూ ఎలా కాపాడుకోవాలో మాస్టారు నేర్పేవారు. మా తాతల్లాగే ఆయన తాతలూ విశాఖ వైపు నుంచి ఓడెక్కి ఈ దేశం వచ్చినవాళ్లే. నన్ను అక్కా అని పిలిచేవారు.

ఆయన పాఠం సగం గుండ్లు లేకుండానే నడిచేది. ఖాళీ పిస్టల్‌ను ఒరలోంచి తీయడం, మళ్లీ పెట్టడం, పొద్దుటంతా అదే. “అన్నం వడ్డించినట్టు తియ్యాలి, లాక్కున్నట్టు కాదు,” అనేవారు. ఖాళీ అని తను చూశాక పక్కవాడికీ చూపించాలి. “నీ కన్ను నీ మాట వింటుంది, పక్కవాడి కన్ను వినదు.” కాల్చాలని తేల్చుకోకముందే ట్రిగ్గర్ మీదికి వేలు జారినవాడి చేతికి నా చీపురు ఇచ్చి ఊడ్పించేవారు.

“నా పని మీకు దండన అయిందా మాస్టారూ?” అని ఒకసారి దెబ్బలాడాను.

“కాదక్కా. ఎక్కడ ఏముందో చూసి అడుగెయ్యడం వీళ్లు నీ దగ్గర నేర్చుకోవాలి.”

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

చెవులకు కప్పులు పెట్టుకుంటే ఆ హాలు నీళ్లలో మునిగిన ఊరిలా ఉంటుంది. చప్పుడు ఎక్కడో దూరంగా. పేలిన గుండ్ల ఖాళీ గుల్లలు బంగారు రంగులో మెల్లగా రాలుతున్నట్టుంటాయి. ప్రతి గుల్లా లెక్కకు రావాలి, ఒక్కటి కూడా బయటికి పోకూడదు. అందుకే వాటి మీదే నా కన్ను. నేను చెప్పాలనుకున్న ఆ రోజు, కాల్చేవాళ్లు నిలబడే అరల్లో చివరిదానిలో ఎవరూ లేరు. ఒక గుల్ల అటు దొర్లి, కాల్చేటప్పుడు ఎవరూ దాటకూడని పసుపు గీత దాటింది. చీపురు చాచాను. చీపురు వెనకే నా పాదమూ వెళ్లింది. కాలుస్తున్నారని చెప్పే ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

“ఆపండి” అన్నారు మాస్టారు. కాలుస్తున్న ఆరుగురూ ట్రిగ్గర్ మీంచి వేళ్లు పక్కకు తీశారు. పిస్టళ్ల మూతులు ఎదుటి గోడ వైపే ఉన్నాయి. అరల మధ్య అడ్డు పలకల వల్ల నేను వాళ్లకు కనబడలేదు. ఆయన వచ్చి నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చారు.

ఎందుకు ఆపారని మేనేజర్ అడిగితే, తనకే ఏదో అనుమానం వచ్చిందన్నారు. రేంజ్‌లో ఏ రోజు ఏం జరిగిందో రాసే పుస్తకంలో అలాగే రాశారు. “ఊరుకో అక్కా, పని పోతుంది,” అన్నారు నాతో. ఆయన చేసిన తప్పు అదొక్కటే. వారం తిరక్కుండా, వయసు మీద పడిందని ఆయన్ని స్టోరులో పిస్టళ్లు తుడిచే పనికి మార్చారు. నేను ఊరుకున్నాను. దివ్య చదువు నా జీతం మీదే నడుస్తోంది మరి.

మొన్న సెరంగూన్‌లో ఆయన ఇంటికి పలకరింపుకు వెళ్లాం. కొత్తగా వచ్చిన కోచ్, ఇక్కడి కుర్రకారులాగే మాట చివర ‘లా’ తగిలిస్తూ అంటున్నాడు: “లాస్ట్‌లో అంకుల్ భయపడిపోయారు లా. ఏమీ లేనిదానికి లైనంతా ఆపేశారు.”

“ఏమీ లేదని నువ్వు చూశావా?” అన్నాను.

“బుక్‌లో ఉంది కదా ఆంటీ.”

“నాకు చదవడం రాదు, నీకు వచ్చు. అయినా జరిగింది నాకే తెలుసు.”

దివ్య నా కొంగు లాగింది. “అమ్మమ్మా, జాబ్ పోతుంది లా.”

“పోనీయవే.”

మాస్టారి భార్య చేతిలోని గ్లాసు కింద పెట్టి నా వైపు చూసింది. జరిగిందంతా అక్కడే చెప్పాను. ఈ కాగితాన్ని ఆ పుస్తకంలో, మేనేజర్ గారిని, ఆ రోజు పేజీకి అంటించమని అడుగుతున్నాను. ఆయన భయపడి ఆపలేదు. చూసి ఆపారు.

ఈమధ్య మధ్యాహ్నం కునుకు పడితే కలలో ఆ హాలే. ఎర్ర దీపం. మాస్టారు చెయ్యెత్తి నిలబడి ఉంటారు. గుల్ల గీత దాటి దొర్లుతూనే ఉంటుంది, ఎంతకీ ఆగదు. నేను గీతకు ఇవతల చీపురు పట్టుకుని, ఆయన చెయ్యి ఎప్పుడు దించుతారా అని చూస్తూ ఉంటాను.

పైడమ్మ బొటనవేలి ముద్ర.
చూసినవాళ్లు: లలిత, దివ్య.