నా శ్రుతి నాలుగు

పక్కింటి పిల్ల పొద్దున్నే సాధన మొదలుపెట్టింది. ఫోనులో శ్రుతి బాగా హెచ్చులో పెట్టుకుంది. పైషడ్జం దగ్గరకొచ్చేసరికి గొంతు పీలగా అయిపోతుంటే, గోడకివతల నా మెడనరాలు బిగుసుకున్నాయి. ఈ పాట్లన్నీ నేనూ పడ్డాను. నన్ను ఒడ్డున పడేసిన సన్యాసి మాస్టారు ఈ పిల్లకెక్కడ దొరుకుతారు!

నేను సంగీతంలో ఎమ్మే ప్రైవేటుగా కట్టాను. కోటబొమ్మాళి నుంచి రైల్లో విజయనగరం వెళ్లి మాస్టారింట్లో సాధన చేసేదాన్ని. ఆయన వయొలిన్ విద్వాంసుడు. ఏటా యూనివర్సిటీవాళ్లు ఆయన్ని మా పరీక్షలకు పిలిపించుకుని పక్కవాద్యం వాయించమనేవారు. ఆ నాలుగు రోజులూ ఆయనకు పండగే. నేనేమో నాకిష్టమైన గాయని పాటలు ఫోనులో విని విని, ఆవిడ పాడే హెచ్చు శ్రుతి, అయిదున్నరే నా శ్రుతి కూడా అని ఖాయం చేసుకున్నాను. చివరి కచేరీ పరీక్ష మూడు వారాలుందనగా గొంతు బొంగురుపోయింది. "మా అమ్మాయి ఎమ్మే" అని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. తప్పితే ఏ మొహం పెట్టుకుని ఊళ్లో తిరగను?

ఆ రోజు మాస్టారు సగం పాటలో వయొలిన్ కమాను పక్కన పెట్టేశారు.

"ఏటమ్మా, ఎవరి గొంతుతో పాడతన్నావు?"

నాకర్థం కాక మళ్లీ పల్లవి ఎత్తుకోబోయాను.

"పోనీ, పాడకు. ఇంట్లో మీ నాన్నని అన్నానికెలా పిలుస్తావు? ఓపాలి పిలు, సూద్దాం."

సిగ్గు చంపుకుని "నాన్నా, అన్నానికి రా!" అన్నాను. ఆయన తీగ మీటి, బిరడా తిప్పి, మళ్లీ మీటారు.

"ఇదిగో, ఇక్కడున్నాది నీ సుతి. నాలుగు. నీ మూలాన నా తీగలన్నీ వదులైపోతన్నాయి. పర్లేదు, పాడు."

ఆడపిల్లనై ఉండి అంత తగ్గు శ్రుతిలో పాడటం నాకు నామోషీగా ఉండేది. కానీ వారం తిరిగేసరికి పాట హాయిగా సాగింది. నాకే నమ్మబుద్ధి కాలేదు.

పరీక్ష వేరే ఊళ్లో. తంబురా వినగానే పరీక్షకుడు "ఆడపిల్లకి నాలుగేమిటి? అయిదున్నరకి పెంచండి" అన్నారు. మాస్టారు పెద్దల ముందు గట్టిగా దగ్గని మనిషి. అలాంటిది లేచి నిలబడ్డారు.

"పెంచితే నేను వాయించనండి, బాబూ. పిల్ల గొంతు సిరిగిపోతాది."

ఆయన చేతిలో కమాను వణకడం నేను చూశాను. పరీక్షకుడు మొహం మాడ్చుకుని "సరే, కానివ్వండి" అన్నారు. పాడాను. ఫస్టు క్లాసు రాలేదు గానీ ప్యాసయ్యాను.

మరుసటి ఏడాది నుంచి మాస్టారుని ఆ పరీక్షలకు పిలవలేదు. ఆయన నాతో ఒక్క మాట అనలేదు. ఆమదాలవలసలో సంగీతం టీచరుగా చేరాక ఎవరో అంటే తెలిసింది. ఫోను చేసి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన అంతా ఓపిగ్గా విన్నారు.

"ఏడుపు కూడా నాలుగులోనే ఉన్నాది. బాగున్నాది."

మాస్టారు పోయి రెండేళ్లయింది. నా దగ్గర నేర్చుకునే పిల్లల తరఫున పెద్దవాళ్లకు ఎదురుచెప్పాల్సి వస్తే ఇప్పటికీ నాకు గొంతు వణుకుతుంది. వణుకుతూనే చెప్తాను.