అక్క పేరు చెప్పని తివాచీ

జఫర్‌గఢ్‌లో ఖాసిం అంటే బోర్డులు రాసే ఖాసిం. కిరాణా కొట్టు నుంచి సర్కారు బడి దాకా గోడల మీద అక్షరాలన్నీ అతనివే. అయితే శుక్రవారం నమాజు కాగానే మిగిలిన రంగు డబ్బాలు సైకిలుకు తగిలించుకుని చెరువు కట్టకు పోయి, రేకు ముక్కల మీద నీళ్లనూ గుట్టనూ గీసుకునేవాడు. ఎవరూ కొనని బొమ్మలవి. వాటిని గీస్తున్నంత సేపే అతనికి పండగ.

ఆ పండగలో పాలుపంచుకునే మనిషి అతని అక్క మరియం బీ. భర్త పోయాక తమ్ముడింట్లోనే ఉండేది. విప్పిన గోనె సంచిని చెక్క చట్రానికి బిగించి, పాత బట్టల పీలికలను కొక్కెంతో కింది నుంచి పైకి లాగి తివాచీ చేయడం ఆమెకు తల్లి నేర్పిన విద్య. ఒకసారి తమ్ముడు గోనె మీద బొగ్గుతో చెరువూ గుట్టా గీసిచ్చాడు. ఆమె పీలికల మూట చంకన పెట్టుకుని అతని వెంటే కట్ట మీదికొచ్చి, ఒక్కో ముక్కనూ నీళ్లకెదురుగా పట్టి చూసేది.

"గిది కాదు ఖాసిం, నీళ్లు ఇంకింత నల్లగున్నయ్," అనేది. దర్జీ కొట్టు చుట్టూ తిరిగి, తనకు కావలసిన నీలం దొరికేదాకా వారాల తరబడి ఆగేది. అట్లా మూడేళ్లు పట్టింది ఆ తివాచీకి.

2011లో సకల జనుల సమ్మె మొదలైంది. మండలాఫీసు ముందు రిలే దీక్షల టెంటు వేశారు. నినాదాలన్నీ రాసింది ఖాసిమే. ఒకనాడు బడిపంతులు పురుషోత్తం, "ఖాసిమన్నా, ఆడోళ్లు వట్టి నేల మీద కూసుంటున్నరే, పరిచేటందుకు ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు.

ఖాసిం ఇంటికి పోయాడు. అక్క ఇంట్లో లేదు. తివాచీ చుట్టి తెచ్చి టెంటులో పరిచాడు.

"అరె, గిది మన చెరువే గద!" అంటూ జనం మూగారు. "ఎవరు చేసిన్రన్నా?"

"బొమ్మ నాదే," అన్నాడు ఖాసిం. అది అబద్ధం కాదు. కానీ ఆ తర్వాత చెప్పాల్సిన మాట చెప్పలేదు. పొగడ్తలు వింటూ నిలబడిపోయాడు.

మరునాడు మధ్యాహ్నం గాలివాన కొట్టి టెంటు కూలింది. అందరూ ఉరికారు. వాన వెలిశాక వచ్చి చూస్తే తివాచీ బురదలో కూరుకుపోయి ఉంది. బాయి దగ్గరికి తెచ్చి కడిగేకొద్దీ గుట్ట ఎరుపు చెరువు నీలంలోకి దిగింది, నానిన గోనె చేతిలోనే చిరిగింది.

మరియం బీ దాన్ని నేల మీద పరిచి, ఊడొచ్చిన నీలం పీలికలను ఒక్కొక్కటే ఏరింది.

"తెలంగాణ కోసమే గద ఆపా..." అన్నాడు ఖాసిం అక్కతో.

"నేను వద్దంటనా? నాకొక మాట చెప్తే నేనే తెచ్చి పరుస్తుంటి. నేను గూడ ఆడ కూసుంటుంటి," అంది.

తిట్టినా బాగుండేదనిపించింది ఖాసింకు. ఆమె మళ్లీ కొక్కెం పట్టలేదు. శుక్రవారం రమ్మంటే, "మోకాళ్లు నొస్తున్నయ్, నువ్వు పో," అనేది. ఏడాది తిరగకుండానే చిట్యాలలో ఉన్న కూతురు ఫిజా దగ్గరికి వెళ్లిపోయింది.

రాష్ట్రం వచ్చిననాడు ఖాసిం బడి గోడంతా రంగులు వేశాడు. పురుషోత్తం స్వీటు నోట్లో పెడుతుంటే ఆపి, "సారూ, ఆనాటి తివాచీ మా ఆపా చేసింది," అన్నాడు.

"గా ముచ్చట అప్పుడే చెప్పొద్దానే? ఆమెకు దండేసి ముందట కూసోబెడుతుంటిమి గద!"

ఆ వారమే కొత్త గోనె మీద చెరువు గీసి, అసలు రంగులెలా ఉండాలో తెలిసేలా ఒక రేకు బొమ్మ కూడా పట్టుకుని చిట్యాల బస్సెక్కాడు. మరియం బీ వాకిట్లో మిరపకాయలు ఏరుతోంది. పురుషోత్తంతో అన్న మాట చెప్పాడు. విని, "మంచిగైంది. చాయ్ తాగుతవా?" అంది.

గోనె విప్పి ముందు పెడితే, వంకర పోయిన వేళ్లు చూపించింది. రేకును మాత్రం ఎండకు పట్టి పరీక్షగా చూసింది.

"గుట్ట నీడ పడ్డకాడ నీళ్లు గిట్లుండవు, ఖాసిం. తప్పేసినవ్."

"ఎట్లుంటయ్ ఆపా?"

"నాకు యాదికి లేదు," అని రేకు తిరిగి ఇచ్చేసింది.

తర్వాత ఎన్నో శుక్రవారాలు ఖాసిం ఆ నీడను దిద్దాలని చూశాడు. ఎంత కలిపినా ఆ రంగు అతనికి పట్టుబడలేదు.