గోడలోని చెక్క గొట్టం

మెకానిక్ పాత రబ్బరు పైపు ఊడదీయగానే వంటింట్లో గ్యాస్ వాసన గుప్పుమంది. "భయపడబాకండి మేడమ్, సిలిండరు కట్టేసే ఉండాది. పైపులో మిగిలింది, అంతే" అన్నాడు అతను. నేను గబగబా కిటికీ తెరిచాను. ఆత్మకూరు బస్టాండు హారన్లన్నీ ఒక్కసారి లోపలికి వచ్చాయి. ఆ వాసన తగిలితే నాకు ముందు భయం వేయదు. మహబూబ్బీ అత్త గుర్తొస్తుంది, ఆ తర్వాతే భయం.

ఉదయగిరిలో ఆమెది మా పక్కిల్లు. కొండ కట్టెతో గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చెక్కడం ఆమె పని. భర్త లారీ డ్రైవరు, పెళ్లయిన కొన్నేళ్లకే పోయాడు. పిల్లలు లేరు. వరండాలో ఎప్పుడూ చెక్క పొట్టు, గాలిలో ఎప్పుడూ సన్నటి పొడి. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది, చివరికి కళ్లు మూసుకుని బొటనవేలితో స్పూను అంచంతా తడిమేది. వేలికి ఏ మాత్రం గరుకు తగిలినా మళ్లీ మొదటికి వచ్చేది. "చాల్లే అత్తా, ఎవరు చూస్తారు?" అంటే, "నోట్లో పెట్టుకునేది పాపా, గీరుకుంటే తిట్టేది నన్నే" అని నవ్వేది.

ఆ చేతులు గరిటెలతో ఆగేవి కావు. కుళాయి కారినా, తలుపు గడియ ఊడినా, మిక్సీ మొరాయించినా ఆమే చూసుకునేది. మా అమ్మ ఆమెను మొండిఘటం అనేది, కానీ మా ఇంట్లో ఏది చెడినా ముందు ఆమె ఇంటి గోడ వైపు తిరిగే కేకేసేది. ఆ మొండితనం ఎక్కడిదో అత్త నాకు ఒకసారి చెప్పింది. భర్త పోయిన కొత్తలో ఫ్యాన్ తిరగకపోతే ఎవరినో పిలిపించిందట. అతను గడప దగ్గరే ఆగి "మగోళ్లెవురూ లేరా ఇంట్లో?" అన్నాడట. లేరంటే, "ఎవురన్నా ఉన్నప్పుడు చెప్పి పంపించు, వస్తా" అని తిరిగి వెళ్లిపోయాడట. పాపం, ఒంటరి ఆడమనిషి ఇల్లని మర్యాదకే అని ఉంటాడేమో. ఆమెకు మాత్రం ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. ఆ పూటే బల్ల వేసుకుని ఎక్కి ఫ్యాను తనే విప్పింది.

నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చింది కూడా ఆమే. నేను హైస్కూల్లో ఉండగా ఇస్త్రీ పెట్టె ప్లగ్గు కాలిపోయింది. నాయన దాన్ని సంచిలో వేసుకుని దుకాణానికి బయలుదేరుతుంటే ఆమె ఆపింది. "నీకు చేతుల్లేవా పాపా? ఇట్ల కూర్చో" అని నన్ను తన వరండాలో కూర్చోబెట్టుకుంది. "నాకు రాదత్తా, తప్పు పోతే?" అన్నాను. "పోతే పోతుంది, నేనుండాను కదా. చెయ్యి" అంది. నేను తీగలు బిగించినంత సేపూ గరిటె పక్కన పెట్టి నా చేతుల వంకే చూస్తూ కూర్చుంది. ఒక్క స్క్రూ కూడా తను ముట్టుకోలేదు. ఆ రోజు ఇస్త్రీ పెట్టె వేడెక్కుతుంటే నాకు కలిగిన గర్వం తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

నేను ఆత్మకూరులో టీచరునయ్యాక ఆదివారాలు ఉదయగిరి వెళ్లేదాన్ని. అలా వెళ్లిన ఒకరోజు ఆమె నన్ను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది. ఇరుకు గది కదా అని సిలిండరును పెరటి వసారాలోకి మార్చి, గోడకు బెజ్జం కొట్టి, రబ్బరు పైపును అందులోంచి స్టవ్ దాకా తెచ్చింది. పైపు ఇటుకకు ఒరుసుకోకుండా బెజ్జంలోకి ఒక చెక్క గొట్టం చెక్కి తొడిగింది. లోపలా బయటా అద్దంలా నునుపు, కొసల్లో చిన్న పూల అంచు. "ఎట్లుండాది?" అంది. అందంగా ఉంది, అదే అన్నాను. అంతలో ఏదో గుర్తొచ్చి ఆమె ముఖం కోపంగా మారింది. "మొన్న స్టవ్ చూడను గ్యాస్ పిల్లోడు ఒకడు వచ్చినాడులే. పైపు గోడలోంచి పోకూడదంట, లోపల పగిలితే కనపడదంట, తీసేసి ఇనప లైను ఏసుకోవాలంట."

"మరి వేయించుకోవచ్చు కదత్తా?"

"వేయించుకుందునే. వాడు నాకు చెప్తేనా! 'ఇంట్లో పెద్దోళ్లెవురన్నా ఉంటే పిలవమ్మా, వాళ్లకి చెప్తా' అన్నాడు. నేను పెద్దదాన్ని కాదా? పొయ్యి నాది, ఇల్లు నాది. పోరా అని పంపించేసినా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఇంతలో పొయ్యి మీద కూర అడుగంటి వాసన వచ్చింది. "అత్తా, మాడుతోంది!" అని నేనే వెళ్లి దించాను. ఆమె ముక్కు ఎగబీల్చి, "నాకు తెలీనే లేదే. చెక్క పొడి కదా, ముక్కు ఎప్పుడూ దిమ్మే" అంది. ఆ ముక్కునూ ఆ గోడనూ కలిపి చూడాలని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఆమె ప్రతి బిగింపునూ పరీక్షించేది వేలితోనూ ముక్కుతోనూ. వేలు చివరి దాకా నమ్మకంగానే ఉంది.

ఆ వేసవిలో ఒక ఉదయం టీ పెట్టుకోవడానికి అగ్గిపుల్ల గీసింది. గదంతా అప్పటికే గ్యాస్ నిండి ఉంది. అది మా అమ్మకు పక్కింట్లోంచి తెలిసిందట, "ఏందో వాసన" అని లేచి గుమ్మం దాటేలోపే మంట లేచింది. నెల్లూరు ఆసుపత్రిలో నేను చూసినప్పుడు ఆమె చేతులు రెండూ కట్లలో ఉన్నాయి. ఆ చేతులను అలా చూడటం నా వల్ల కాలేదు. ఆమె గొంతు మాత్రం మారలేదు. "బిగింపు బాగానే ఉండాది పాపా. నాకు వాసనే రాలేదు" అంది. కొంచెం ఆగి, "ఆ పిల్లోడు నిజమే చెప్పినాడు" అంది. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. ఆ వారంలోనే పోయింది.

తర్వాత గోడ బాగు చేయించేటప్పుడు చెక్క గొట్టం ఊడి వచ్చింది. ఒక కొస మాత్రమే కాలింది. లోపలున్న రబ్బరు పైపు నిలువునా పగిలి ఉంది. గొట్టం ఇంత అందంగా లేకపోయి ఉంటే ఎవరైనా దాన్ని ఊడదీసి లోపలి పైపు చూసేవారేమో. నాకు ఆ గ్యాస్ పిల్లవాడి మీద కోపం, ఆ మొదటి ఫ్యాన్ మనిషి మీద కోపం. అందరికంటే ఎక్కువ కోపం అత్త మీదే, ఇప్పటికీ. నాకు నేర్పేటప్పుడు అంతసేపు పక్కన కూర్చున్న మనిషి, తన పనికి ఒక్కరినైనా పక్కన కూర్చోనివ్వలేదు.

మెకానిక్ కొత్త పైపు బిగించి లేచాడు. "సార్ లేరా మేడమ్? ఒకసారి చూపించి పోదామని" అన్నాడు. ఒళ్లు భగ్గుమంది. పో అనే మాట నోటి దాకా వచ్చింది. అది అత్త మాట అని తెలుస్తూనే ఉంది. స్టవ్ పక్కనే పీట లాక్కుని కూర్చున్నాను.

"నేనున్నాను కదా, నాకు చూపించు" అన్నాను.

అతను కాస్త తడబడి, సబ్బు నురగ తెచ్చి బిగింపు చుట్టూ పూసి, బుడగలు ఎలా చూడాలో చెప్పాడు. నేను వంగి చూశాను, ముక్కు దగ్గరగా పెట్టి గాలి పీల్చాను. "వాసన వస్తందా మేడమ్?" అన్నాడు. రావడం లేదు. ఆ మాట పైకి అనబోయి ఆగాను. ఆసుపత్రిలో ఆమె అన్నదీ అదే మాట.

నురగ ఇంకొకసారి పూయమన్నాను.