వెనక్కి జాగా లేని టైమింగ్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. నిజామాబాద్‌లో నా షెడ్డు ఇంకా నడుస్తోంది. పాత పెట్రోలు బండికి చెవితో టైమింగ్ పెట్టేవాడు బోధన్ దాకా వెతికినా నేనొక్కణ్ణే. ఈ మాటలో కొంచెం గాలి ఉంది. మిగతావాళ్లు ఆ పని ఎప్పుడో మానేశారు, ఇక నాకు పోటీ ఎవరు? పైగా చెవికి తోడు చిన్న బల్బు కూడా వాడేవాణ్ణి.

ఇగ్నిషన్ టైమింగ్ అంటే ప్లగ్గు సరైన క్షణాన నిప్పురవ్వ వేసేలా చూడడం. తొందరపడితే ఇంజను కొట్టుకుంటుంది, ఆలస్యమైతే బండి లాగదు.

రెంజల్ ఊరి ప్రభుదాసు తన అంబాసిడర్‌ను ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాడు. వెంట భార్య సునందమ్మ. జనాన్ని బోధన్ చేరవేసే ఆ టాక్సీయే వాళ్లకు తిండి.

"రేపు ఆర్టీవో ఆఫీసుల ఫిట్‌నెస్ ఉంది. పాస్ కాకుంటే తుక్కుకే అన్న. నాకు ఇంకో పని రాదు."

"అయితది తమ్మీ, నేనున్న గద" అన్నాను.

బండిని టాప్ గేరులో పెట్టి మెల్లగా నూకితే ఇంజను తిరుగుతుంది. పుల్లీ మీది గీత గుర్తుకు ఎదురుగా రావాలి. భార్యాభర్తలు వెనక నూకుతుంటే, నేను బోనెట్‌లోకి వంగి చూస్తున్నాను. నాకు పని నేర్పింది ఉర్దూ ఉస్తాదు. ముందుకు అనడానికి నా నోట "ఆగే" అనే వస్తుంది. అన్నప్పుడల్లా బండి ఆగిపోతోంది.

"నూకుర్రి అంటె నిలవడ్తరేంది?"

"నువ్వే ఆగే, ఆగే అని ఒర్రుతుంటివి గదన్నా!" అంది సునందమ్మ. "ఆగుమంటవో పొమ్మంటవో ఒక్కటి జెప్పు. నా నడుం ఇరుగుతుంది."

ప్రభుదాసు పడీ పడీ నవ్వాడు. ఆ రోజు నవ్వింది అదొక్కసారే.

గీత కుదిరింది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పి, బల్బు వెలిగిన చోట బిగించాను. ప్రభుదాసు ఎక్కి తాళం తిప్పితే ఇంజను అందుకుంది. "స్తోత్రం" అంది సునందమ్మ. యాక్సిలరేటర్ నొక్కగానే అడుగు నుంచి టకటకా చప్పుడు. టైమింగ్ వల్లనైతే, నిప్పురవ్వ ఆలస్యమయ్యేలా డిస్ట్రిబ్యూటర్‌ను వెనక్కి తిప్పినప్పుడు తగ్గాలి. తిప్పాను. ఇంజను నీరసపడింది గానీ చప్పుడు పోలేదు.

"ఇంకొంచెం ఎన్కకు పెట్టన్న."

"ఎన్కకు జాగ లేదు తమ్మీ."

"జర సూడు. ఏడనో ఒక తాన పోతది."

"ఇది టైమింగ్ తోని పొయ్యే సప్పుడు గాదు. లోపట బేరింగులు అరిగిపోయినయ్."

ప్రభుదాసు ఇంజను ఆపలేదు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆపితే మళ్లీ అందుకోదేమోనని అతని భయం. నా భయమూ అదే.

చివరికి ఆ చప్పుడుతోనే బండి తన కాళ్ల మీద రెంజల్ చేరిందని అందరికీ చెబుతుంటాను. నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నేను సరిచేయగలను, అరిగిన ఇనుమును కాదు. ఇంజను చప్పుడు వినకముందే "అయితది" అనకూడదని ఆ బండి దగ్గరే తెలిసింది.

మొన్న బోధన్ బజారులో కూరగాయలమ్ముతూ సునందమ్మ కనిపిస్తే, ఇక్కడిదాకా రాసిందంతా చదివి వినిపించాను. ప్రభుదాసు ఎక్కడని అడిగితే, చెరుకు కొట్టవోయిండంది. తక్కెడ కింద పెట్టి నావైపు చూసింది.

"రెంజల్ దాకా ఏడ వోయిందన్నా? మీ గల్లీ మలుపుల్నే ఆగింది. తుక్కు కొనెటోనికి గక్కడ్నే ఇచ్చినం. మేం నూకుతుంటె నువ్వు సూసి షట్టర్ గుంజుకున్నవ్."